నిండిన డబ్బా

సూర్యాపేట,
12 జూన్ 2025.

పెద్దనాయినకు సరిత దండాలు.

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా, ఈ రోజుల్లో ఉత్తరమేమిటి అనుకుంటావు. మొన్న గోపిక ఫోన్ తెచ్చి నీ చెవికి ఆనిస్తే నేను అరిచిన అరుపులకు మా ల్యాబులో రక్తం ఇవ్వడానికి కూర్చున్న ముసలాయన లేచి వెళ్లిపోయాడు. ఊరంతా విన్నది, నువ్వు తప్ప. పైగా ఇది అరిచి చెప్పే సంగతి కాదు. అయిదో తరగతి చదివినవాడివి, నా అక్షరాలు గుండ్రంగానే ఉంటాయి. తీరిగ్గా చదువుకో. కోదాడ బస్సు కండక్టర్ సైదయ్య చేతికి ఇస్తున్నాను, జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

గోపికకు రాళ్లున్నాయని స్కానింగులో తేలింది కదా. ఒక కిడ్నీలో కాదు, రెండింట్లోనూ ఉన్నాయని ఇక్కడి డాక్టరు గారు చెప్పారు. పదకొండేళ్ల పిల్లకు రెండు వైపులా రాళ్లుంటే తేలిగ్గా వదిలెయ్యకూడదట. మూత్రంలో ఆక్సలేట్ అనే పదార్థం రోజుకు ఎంత పోతున్నదో కొలవాలన్నారు. ఉత్తరంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ డబ్బా అందుకే. తల్లీ తండ్రీ ఉన్నారన్న మాటే గానీ, నగేష్ అన్న సిమెంటు లారీ మీద ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఆండాలు వదిన తెల్లారకముందే కూలికి పోతుంది. నీ మనవరాలు పగలంతా నీ దగ్గరే ఉంటుంది గనుక ఈ పని నీకే అప్పజెప్పుతున్నాను.

ఆదివారం పొద్దున ఆరింటికి లేవగానే పోసింది పారబోయాలి. అక్కడి నుంచి గడియారం మొదలైనట్టు. ఆ తర్వాత పోసిన ప్రతి చుక్కా డబ్బాలోకే రావాలి. సోమవారం ఆరింటికి లేవగానే పోసేది కూడా అందులో చేర్చి మూత బిగించాలి. మగ్గులో పట్టి డబ్బాలోకి వంచండి, నేరుగా వద్దు. డబ్బా అడుగున ఆసిడ్ పోశాను, మీద చిందితే కాలుతుంది. తాగే నీళ్ల కుండ, మీ రంజన్ పక్కన తడి ఇసుక ఉంటుంది కదా, అందులో పెడితే చల్లగా ఉంటుంది. పిల్ల రోజూ తినేదే తినాలి, తాగేన్ని నీళ్లు తాగాలి. ఎప్పుడెప్పుడు పోసిందో టైము రాయడానికి చీటీ పెట్టాను. ఒక్కసారి బయట పోసినా రోజు మొత్తం లెక్క తప్పుతుంది.

నువ్వు భయపడతావని తెలుసు. గోపిక అన్నకు, మన సాయితేజకు, ఆరేళ్ల కింద ఈ పరీక్షే మా ల్యాబులోనే చేశాం. ఏమీ లేదనే వచ్చింది. వాడి రోగం ఏదైనా కానీ, ఇది మాత్రం కాదని అప్పుడే తేలిపోయింది. పిల్లకు కూడా అలాగే వస్తుంది. మనసు కుదుటపడటానికి చేస్తున్నామనుకో.

బీపీ గోళీ మానకు.

సరిత

*

మేళ్లచెరువు,
జూన్ 16.

సరితమ్మా, సల్లగ బతుకు బిడ్డా.

నీ డబ్బా నీకే వాపసు పంపుతున్న. కోపం జేసుకోకు. చేసుకోని ఒర్రినా నాకు ఇనపడది.

రాళ్లు గోపికకే ఉన్నయా? మా దిక్కు భూమంతా సున్నపురాయే. బోరు నీళ్లు కాగబెడితే గిన్నెకు తెల్లగ పొర కడ్తది. గీ నీళ్లు తాగినోనికి రాళ్లు గాకపోతే ముత్యాలు పుడ్తయా? నేను కొండపిండాకు తెంపి కూర వండిస్తున్న. ఉలువచారు తాపుతున్న. మా నాయినకు గట్లనే పడ్డయి రాళ్లు. గంత మాత్రానికే ఆడపిల్లతోని డబ్బాల ఒంటేలు పోపిచ్చి బస్సు మీద ఊరూరు తిప్పుడెందుకు?

సాయిగానికి ఏమీ లేదని వచ్చిందని రాసినవ్. లేదన్నరు గద, మరి పోరడేడి బిడ్డా? మిర్యాలగూడ దవాఖానల రక్తం కడిగే మిషన్ కింద పదకొండు నెలలు పండిండు. పదిహేనేండ్లకే పాయె. గా పరీక్ష మాట ఇంకోపారి నా ముంగట ఎత్తకు.

ఇంకొక సంగతి ఉన్నది. ఎవ్వరికి జెప్పలే, నీకు రాస్తున్న. నా చెవులు పోయి నాలుగేండ్లాయె. డప్పు కొట్టినా ఇనపడది, గొర్రె ఒర్రినా ఇనపడది. ఒక్కటే ఇనపడ్తది. ప్లాస్టిక్ డబ్బాల చెంబుతోని నీళ్లు పోస్తే గుబగుబమంటది సూడు, గా సప్పుడు. రంజన్ దిక్కు పోతే ఇనపడ్తది. నీ డబ్బా ఇంట్లకొచ్చినంక ఇంక ఎక్కువైంది. మొన్న పట్టపగలు మందల నిలబడ్డ, నా ఎనకనే ఎవరో పోస్తున్నట్టు ఇనపడ్డది. తిరిగి సూస్తే గొర్లు మేస్తున్నయి, అంతే. నాకు భయమైంది బిడ్డా. డెబ్బై రెండేండ్లకు నేను దయ్యాలకు భయపడుడేంది అని నవ్వుకున్న గని, భయమైతే అయింది.

గందుకే డబ్బా ఇంట్ల ఉంచ. మీ అమ్మ మోకాలు ఎట్లున్నది? నల్ల గొర్రె కవల పిల్లలను ఈనింది.

పెద్దనాయిన బీరప్ప

*

సూర్యాపేట,
21 జూన్ 2025.

పెద్దనాయినా,

డబ్బా మళ్లీ పంపుతున్నాను. వాపసు చేస్తే మూడోసారి నేనే తెచ్చి నీ నెత్తిన పెడతాను. నీ మొండితనం నాకూ వచ్చిందని అమ్మ ఎప్పుడూ అంటుంది.

నీ చెవిలో సప్పుడు దయ్యం కాదు. చెవులు పోయినవాళ్లకు లోపల ఏదో ఒక హోరు వినిపిస్తూనే ఉంటుంది. కొందరికి గంటలు, కొందరికి ఈల, నీకు నీళ్లు. మిర్యాలగూడలో మంచి చెవి డాక్టరు ఉన్నాడు. వచ్చే నెల నేనే తీసుకుపోతాను.

ఇక అసలు సంగతి. బోరు నీళ్లతో రాళ్లు రావచ్చు, కాదనను. కానీ కొందరి ఒంట్లో కాలేయమే ఈ ఆక్సలేటును హద్దు లేకుండా తయారు చేస్తుంది. కిడ్నీలు దాన్ని బయటికి తోసి తోసి అలిసిపోతాయి. అది రాయి కడుతుంది, చివరికి కిడ్నీలనే కప్పేస్తుంది. ముందే పట్టుకుంటే మందులున్నాయి, దారులున్నాయి. ఆలస్యమైతే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర లేదు. గోపిక కిడ్నీలు ఇప్పటికి బాగానే పని చేస్తున్నాయి. ఈ ఒక్క డబ్బా సరిగ్గా పడితే దాని దారి తెలుస్తుంది. కొండపిండాకు పెట్టు, నేను వద్దనను, డబ్బా కూడా పట్టు.

డాక్టరు గారు ఇంకొకటి అడిగారు. తల్లిదండ్రులది మేనరికమా అని. అవును, మా పెద్దమ్మ తమ్ముడి కూతురునే మా అన్నకు చేశారని చెప్పాను. రెండు వైపులా ఒకే రక్తమైతే ఇలాంటివి దిగే అవకాశం ఎక్కువ అన్నారు. రాసుకున్నారు.

వదినకు నిన్న ఫోన్ చేశాను. అటు నుంచి ఏడుపే. "నా గోంగూరనే తిన్నడు సరితా వాడు, రోజు విడిచి రోజు వండి పెట్టిన, నేనే సంపుకున్న" అన్నది. పరీక్షలో ఏమీ లేదని వచ్చాక, తిండి వల్లే రాళ్లు పెరిగాయని ఎవరో అన్నారట. నగేష్ అన్న కూడా ఒకసారి కోపంలో ఆ మాటే అన్నాడట. వాడు పోయిన ఈ నాలుగేళ్లుగా మీ పొయ్యి మీద గోంగూర ఎక్కలేదని నాకిప్పుడే తెలిసింది. పెద్దనాయినా, ఆ ఇంట్లో పెద్దదిక్కువు నువ్వు. ఆమెకు నువ్వైనా ఒక మాట చెప్పకూడదా?

వచ్చే ఆదివారం తప్పకుండా పట్టండి.

సరిత

*

మేళ్లచెరువు,
జూన్ 30, సోమవారం పొద్దుగాల.

సరితా,

డబ్బా పంపుతున్న. సైదయ్య ముక్కు మూసుకోని పట్టుకున్నడు, "ఇదేందన్నా కల్లా?" అని నవ్విండు. తాగి సూడమన్న.

మేనరికం అని రాసినవ్. నేనే పట్టుబట్టి చేసిన పెండ్లి అది. ఆండాలు పుట్టిననాడే మాట అనుకున్నం. మన దాంట్ల అందరు చేసుకున్నరు, అందరి పిల్లలు మంచిగనే ఉన్నరు. మా ఇంటికే శాపమున్నదని నీ డాక్టరు కాగితం మీద రాసుకున్నడా? రాసుకోనియ్యి. తప్పులన్నీ నా నెత్తినే పెట్టుండ్రి, ఇంకొకటి పడ్తదంటె నెత్తికి కొత్త గాదు.

నిన్నటి సంగతి ఇను. గొర్లను పక్కింటి మత్తయ్యకు అప్పజెప్పి, పొద్దుగాల ఆరింటికి కట్టె పట్టుకోని గడప మీద కూసున్న. పిల్లను గడప దాటనియ్యలే. దోస్తులు పిలువొస్తే ఎల్లగొట్టిన. గోపిక మూతి ముడుసుకుంది. "తాతా, నేను దొంగనా?" అని అడిగింది. కాదు బిడ్డా, దొంగ ఇంకోడు, వాడు మల్ల రాకుంట కావలి కాస్తున్న అన్న. ఎవరు తాతా అని ఎనక పడ్డది. జెప్పలే. మగ్గు పట్టుకోని పెరట్లకు పోయినప్పుడల్ల నేను మొకం అటు తిప్పుకోని నిలబడ్డ. వచ్చినంక డబ్బా మూత నేనే తీసిన, నేనే పెట్టిన. టైములు పిల్లనే రాసింది. ఆండాలు సుత కూలికి పోకుంట మధ్యాహ్నమే వచ్చి సూసిపోయింది.

రంజన్‌ను ముందటిరోజే ఇంట్ల కెల్లి తీసేపిచ్చిన. బయట చింతచెట్టు కిందికి జరిపిన. డబ్బా దగ్గర నీళ్లు ఉండొద్దు. తడి ఇసుక మాత్రం వేరే గంపల పోసి పెట్టిన.

డబ్బాల కొంచెమే ఉన్నది. అడుగు కంటే జర పైకి, అంతే. ఉన్నదే ఉన్నది సరితా. ఒక్క చుక్క ఎక్కువ లేదు, ఒక్క చుక్క తక్కువ లేదు. బీరప్ప దేవుని మీద ఒట్టు.

రాత్రి సప్పుడు ఇనపడలే. తెల్లారినంక డబ్బా బస్సుకు ఇయ్యంగనే మల్ల మొదలైంది.

బీరప్ప

*

సూర్యాపేట,
1 జూలై 2025.

పెద్దనాయినా,

ఏం చేశావిది? డబ్బాను కొలపాత్రలోకి వంచితే ముప్పావు లీటరు కూడా లేదు. పదకొండేళ్ల పిల్ల, ఎండాకాలం పోయిన రోజులు, ఒక పగలూ ఒక రాత్రీ కలిపి ఇంతేనా? రంజన్‌ను ఇంట్లోంచి తీసేయించానని నువ్వే రాశావు. తాగేన్ని నీళ్లు తాగాలని నేను రాస్తే, పిల్లకు నీళ్లే అందకుండా చేశావా? లేక అది నీ కన్నుగప్పి బయట ఎక్కడైనా పోసిందా? నీకు వినపడదు, మొహం తిప్పుకుని నిలబడ్డావు, ఇక అది ఏం చేసిందో నీకెలా తెలుస్తుంది?

నాకు ఏడుపొస్తున్నది. సాయితేజ ఎంత చక్కగా పట్టాడో నాకింకా గుర్తుంది. డబ్బా నిండుగా వచ్చింది, రెండు లీటర్లకు కొంచెం తక్కువ. చీటీ మీద టైములు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. డబ్బా మీద "నిండింది" అని కూడా రాసి కింద గీత గీశాడు. గొర్ల వెంట తిరిగే పిల్లాడు చేసిన పని, ఇంట్లో కూర్చోబెట్టి నువ్వు చేయించలేకపోయావు.

ఆక్సలేట్ కొలవడానికి శాంపిల్ హైదరాబాద్ పంపాను, కానీ ఆశ లేదు. తక్కువ పట్టిన డబ్బాతో వచ్చే అంకె అబద్ధం చెబుతుంది. ఉన్న రోగాన్ని లేదంటుంది. అంతకంటే పరీక్ష చేయకపోవడమే నయం. సాయితేజ ముఖం తలుచుకుని నిజం చెప్పు, ఎన్నిసార్లు తప్పిపోయింది?

కోపంతో రాశాను. చదివి చింపెయ్యి.

సరిత

*

మేళ్లచెరువు,
జూలై 4.

బిడ్డా సరితా,

చింపలే. నాలుగుపార్లు చదివిన. "ఉన్న రోగాన్ని లేదంటుంది" అని రాసినవ్ సూడు, గాడికొచ్చి నాలుగుపార్లు ఆగిన.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదంటరు. పడనియ్యి. ఇగ నాతోని కాదు.

గోపిక డబ్బా నిజం. అది బయట పోయలే. నేను మొకం తిప్పుకున్న గని చెవులు లేనోనికి ఈపు మీద కండ్లుంటయి. నీళ్లు తక్కువ తాగింది నిజమే. ఎక్కువ తాగితే మాటిమాటికి మగ్గు పట్టుకోని పోవాలెనని సిగ్గుపడి అదే తాగలే అట, ఇప్పుడడిగితే జెప్పింది.

అబద్ధం సాయిగాని డబ్బా. గా డబ్బా నింపింది వాడు గాదు. నేను.

ఆ ఆదివారం ఆండాలు నాట్లకు పోయింది. పోయేటప్పుడు డబ్బా నా చేతిల పెట్టి, "మామా, పిలగాడు యాడికి పోతే గాడికి ఇది తీస్కపో" అని మూడుపార్లు జెప్పింది. సరే పోవమ్మా అన్న. గొర్లు ఈనుతున్నయి, మందను ఒక్కన్ని తోలలేను, పోరన్ని ఎంట తీస్కపోయిన. డబ్బా మాత్రం ఇంట్లనే పెట్టిపోయిన. గుట్ట మీద పది మంది గొర్లోళ్లుంటరు, వాళ్ల ముంగట ఒంటేలు డబ్బా సంకల వెట్టుకోని తిరుగుడు నాకు నామోషి అనిపించింది. చెట్ల పొంటి పొయ్యిరా, పొద్దుగాలది మాపటిది ఉంటే సాలు అని నేనే జెప్పిన వానికి.

మాపటికి ఇంటికొచ్చి సూస్తే డబ్బా అడుగున ఇంత ఉన్నది. ఆండాలు వచ్చే యాళ్లయింది. నేను ఇరవై ఏండ్లు పాలకేంద్రానికి పాలు పోసినోన్ని బిడ్డా. బర్రె తక్కువిచ్చిన నాడు క్యాన్ కొద్దిగ పోతే గాడ నలుగుట్ల మాట పడాలె. గందుకని చెంబెడు నీళ్లు కలిపెటోన్ని. ఊర్లె కలుపనోడు ఎవడు? తక్కువైన డబ్బాను సూడంగనే చెయ్యి దానంతటదే రంజన్ల మునిగింది. ఒక చెంబు, రెండు, మూడు. ఆసిడ్ ఉన్నదని మెల్లగ పోసిన. గుబగుబమన్నది. సాయిగాడు పక్కన నిలబడి నవ్విండు. "తాతా, నేను గిన్ని పోసిన్నా?" అన్నడు. నేను సుత నవ్విన. మీ అమ్మకు జెప్పకురా అన్న. చీటీ మీద టైములు వాడే కూసోని ఒక్కపారే రాసిండు. "నిండింది" అని రాసింది సుత నవ్వుకుంటనే.

ఏమీ లేదని నువ్వు కాగితం పంపితే ఊరంతా జెప్పుకున్న. నీళ్లు పోస్తే అంకె మారుతదని నాకు ఎరుకనా? పాలు పల్చనైతయి, గంతే గద అనుకున్న.

ఎప్పుడు ఎరుకైందో జెప్త. మిర్యాలగూడ దవాఖానల వాడు మిషన్ మీద పండుకోని ఉన్నడు. ఆండాలు చాయ్ తేను పోయింది. వాడు నా చెయ్యి పట్టుకోని, "తాతా, ఆ రోజు నీళ్లు పోసినం గద, గందుకే డాక్టర్లకు దొరకలేదేమో" అన్నడు. చదువుకునే పోరడు, వానికి అర్థమైంది. నేను గమ్మున పండుకోరా అన్న. వాళ్లమ్మకు సుత జెప్పలే. చెప్పకు అన్న గద, సచ్చేదాక మాట మీద ఉన్నడు. గొర్రె కసాయోన్నే నమ్ముతది అంటరు, నేను గొర్లోన్ని అనుకున్న ఇన్నాళ్లు.

వాన్ని మట్టిల పెట్టి వచ్చిన మూడోనాటి నుంచి నాకు ఇనపడుడు బంద్ అయింది, ఈ ఒక్క సప్పుడు తప్ప. చెవి డాక్టరుకు ఏం జెప్పాలె?

ఆండాలు గోంగూర పేరెత్తి ఏడ్సినప్పుడల్ల నేను చుట్ట కాల్చుకుంట ఎదురుంగనే కూసున్న. నాలుగేండ్లు. ఇప్పుడు సూడు నేనెట్లాంటోన్నో.

బీరప్ప

*

సూర్యాపేట,
8 జూలై 2025.

పెద్దనాయినా,

మూడు రోజులు జవాబు రాయలేకపోయాను. నీ మీద కోపంతో కాదు. చదివితే ఎందుకో నీకే తెలుస్తుంది.

ముందు గోపిక సంగతి. నీ దగ్గర నేను తప్పు మాట్లాడాను. ప్రతి మనిషి మూత్రంలో వాళ్ల కండను బట్టి రోజూ ఇంచుమించు ఒకే లెక్కన దిగే పదార్థం ఒకటి ఉంటుంది. క్రియాటినిన్ అంటాం. నీళ్లు తక్కువ తాగినా ఎక్కువ తాగినా రోజు మొత్తానికి అది మారదు. అది సరిగ్గా ఉంటే డబ్బా పూర్తిగా పట్టినట్టు, తక్కువైతే ఎక్కడో పోగొట్టినట్టు. నీ ఉత్తరం అందిన రోజే కూర్చుని కొలిచాను. గోపిక డబ్బాలో అది ఎంత ఉండాలో అంతా ఉంది. కట్టె పట్టుకుని నువ్వు కాసిన డబ్బాలో ఒక్క చుక్క కూడా తప్పిపోలేదు.

హైదరాబాద్ నుంచి నిన్న కాగితం వచ్చింది. ఆక్సలేట్ ఉండాల్సినదానికి రెండింతల పైన ఉంది. రోగం ఉన్నది. డాక్టరు గారు చూసి "మంచి టైముకు పట్టుకున్నారమ్మా" అన్నారు. ఇక మీదట పిల్ల రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి, బడిలో కూడా, రాత్రి ఒకసారి లేచి కూడా. ఒక విటమిన్ గోళీ రాశారు, అది పని చేస్తుందో లేదో చూడటానికి మూడు వారాల తర్వాత మళ్లీ డబ్బా పట్టాలి. గోంగూర, పాలకూర దానికి వద్దు. కానీ గోంగూర తెచ్చిన రోగం కాదు ఇది, డాక్టరు గారు నాతో రెండుసార్లు చెప్పారు. దాని కిడ్నీలు ఇంకా దాని చేతిలోనే ఉన్నాయి.

ఇక రెండో సంగతి. పాత ఫైళ్ల కట్టలు విప్పి 2019 ఆగస్టు తీశాను. సాయితేజ కాగితం దొరికింది. అందులో క్రియాటినిన్ అంకె కూడా ఉంది, నా చేతిరాతతో. ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

అంటే సగానికి పైగా బయటే పోయిందని, డబ్బా నిండింది నీళ్లతోనని ఆ రోజే ఆ కాగితం చెబుతూ ఉంది. నేను చూశాను పెద్దనాయినా. చూడలేదని అబద్ధం చెప్పను. ల్యాబులో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ అంకె దగ్గర పెన్ను ఆగడం కూడా నాకు గుర్తుంది. "మన సాయి బక్కగా ఉంటాడు కదా, కండ ఎక్కడిది" అనుకుని దాటిపోయాను. ముక్కూ ముఖం తెలియని పిల్లాడైతే మళ్లీ పట్టుకు రమ్మని పంపించేదాన్ని. మనవాడు కాబట్టి, ఎత్తుకుని పెంచినదాన్ని కాబట్టి, నాకు తెలుసనుకున్నాను. ఏమీ లేదని సంతకం పెట్టి, ఆ సాయంత్రం మిఠాయి కొని మీ ఇంటికి వచ్చాను. నువ్వు కూడా తిన్నావు.

ఆ ఫైలులో వాడి చీటీ ఉంది. ఒకే పెన్ను, ఒకే వరుస, మరక లేదు. రోజంతా తడిచేతులతో రాసిన చీటీ అలా ఉండదు, ఇప్పుడైతే చూడగానే చెప్పేస్తాను. "మధ్యాహ్నం 2.15 – చానా" అని రాశాడు. ఆ "చానా" దగ్గర నవ్వు ఆపుకోలేక అక్షరం వంకర పోయింది. ల్యాబు కాగితాలు బయటికి తీయకూడదు. తీశాను. ఇందులో పెడుతున్నాను.

నిన్న ఎవరిదో డబ్బా కొలపాత్రలోకి వంచుతుంటే చెయ్యి ఆగిపోయింది. గుబగుబమని. ఆ సప్పుడు నేనూ విన్నాను. నిన్ను చెవి డాక్టరు దగ్గరికి పొమ్మన్నందుకు నన్ను క్షమించు.

వదినకు ఇది ఎవరు చెప్పాలి? నేను ఫోన్ చేతిలోకి తీసుకుని రెండుసార్లు పక్కన పెట్టేశాను. నేను పిరికిదాన్ని. చెప్పకుండా ఉంటే మాత్రం ఏమవుతుంది, పోయిన పిల్లాడు వస్తాడా అని కూడా అనిపిస్తున్నది. నువ్వేమంటావు?

సరిత

*

మేళ్లచెరువు,
జూలై 10.

సరితా, బిడ్డా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చీటీ సూసిన. వాని అక్షరం మీద ఏలు పెట్టి శానసేపు కూసున్న. ఇంతల ఆండాలు కూలి నుంచి వచ్చింది.

పోయిన పిల్లాడు వస్తడా అని రాసినవ్. రాడు. గని ఉన్న మనిషి నాలుగేండ్ల నుంచి తన కొడుకును తనే సంపుకున్న అనుకుంట బతుకుతున్నది గద. అది నేను సూడాలె, నువ్వు సూర్యాపేటల ఉన్నవ్.

ఆండాలు బియ్యం చెరుగుతున్నది. ఎదురుంగ కూసోని జెప్పిన. గుట్ట, డబ్బా, రంజన్, చెంబు, మిర్యాలగూడల వాడన్న మాట, అన్నీ జెప్పిన. ఆమె పెదవులు కదులుతయేమో అని సూస్తున్న, నాకు ఇనపడది గద, మొకం సూసే అర్థం జేసుకోవాలె. చాట పక్కన పెట్టింది. తిడ్తదనుకున్న. దుడ్డు కట్టె చేతికందేటట్టు పెట్టుకోనే కూసున్న, కొడితే కొట్టనీ అని. చీటీ తీస్కోని చదివింది. నా దిక్కు సూసి ఒక్కటే మాట అడిగింది. మెల్లగ, నాకు సమజయ్యేటట్టు, రెండుపార్లు అడిగింది.

"వాడు నవ్విండా మామా?"

నవ్విండు బిడ్డా అన్న.

గా చీటీ మల్ల నాకు ఇయ్యలే. యాడ దాసుకుందో తెల్వది. నాతోని మాట్లాడుత లేదు. ఇయ్యాల పొద్దుగాల పెరట్ల కెల్లి గోంగూర తెంపుకొచ్చి వండింది. గోపికకు పెట్టలే, డాక్టరు వద్దన్నడు. నాకు పెట్టలే. పొయ్యి కాడ ఒక్కతే కూసోని తిన్నది. తినుకుంట ఏడ్సింది. నగేష్‌కు ఫోన్ జేసి ఏమో జెప్పింది, శానసేపు జెప్పింది. వాడు లారీ ఎక్కడ ఆపిండో, రేపు మాపటికి వస్తడట.

రంజన్ మల్ల ఇంట్లకు జరిపిచ్చిన. గోపికకు గంటకోపారి నేనే చెంబు ముంచి పోసిస్తున్న. "సాలు తాతా, పొట్ట పగుల్తది" అని ఒర్రుతున్నది, మూతి సూస్తే తెలుస్తది. నేను ఇనపడనట్టు మల్ల పోస్తున్న. సప్పుడు పోలే బిడ్డా. ఏది ఇప్పటిదో ఏది అప్పటిదో తెలుస్త లేదు. పోతదని సుత అనుకుంట లేను.

నీ సంగతి ఆమెకు జెప్పలే. గా అంకె సంగతి, సంతకం సంగతి. చెప్తే నాది సగమైతదని ఒక గడియ ఆశ పుట్టింది, నోటి దాక వచ్చింది, మింగిన. నాది నేను జెప్పుకున్న. నీది నువ్వే జెప్పాలె.

ఆదివారం ఆండాలు కూలికి పోదు, ఇంట్లనే ఉంటది. మొదటి బస్సుకు రా. మల్ల పట్టాలె అన్నవ్ గద, డబ్బా మరిచిపోకు. దాని మీద పేరు గోపికే రాస్తదట.

నన్ను ఒక్క మాటే అడిగింది. నిన్ను ఏమడుగుతదో నాకు తెల్వది.

నీ పెద్దనాయిన,
బీరప్ప